పైడక్క ఇప్పించిన కార్డులు

కౌలాలంపూర్‌లో మా ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్లో పాలపొడి డబ్బాల ముందు నిలబడి ఉండగా పైనున్న స్పీకర్లో గంట మోగింది. వెంటనే ఒక అమ్మాయి గొంతు మలయ్‌లో, ఈ శని ఆదివారాలు సభ్యులకు పాయింట్లు రెట్టింపు అని చెప్పింది. రికార్డు చేసిన గొంతు. ఎక్కడా ఊపిరి తీసుకున్నట్టు వినిపించదు. నా పక్కనున్న ఆయన బుట్టలోకి ఇంకో డబ్బా వేసుకుని ముందుకు సాగిపోయాడు. నేను మాత్రం ఆ గంట దగ్గరే ఆగిపోయాను. చాలా ఏళ్ళ కిందట బంటింగ్ అనే ఊళ్ళోని ఒక దుకాణంలో ఇలాంటి గంట మోగాక, గొంతు సవరించుకుని మూడు భాషల్లో మాట్లాడిన మనిషి గుర్తుకొచ్చింది. ఆమె పేరు పైడమ్మ. మేమంతా పైడక్క అనేవాళ్ళం. ఆమె పోయి రెండేళ్ళవుతోంది. ఆమెను చూడనివాళ్ళకు ఆమె ఎలాంటిదో చెప్పాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను.

నేను స్కూలు చదువు ముగించి ఆ దుకాణంలో క్యాషియర్‌గా చేరేనాటికి పైడక్క కస్టమర్ కౌంటర్ సూపర్‌వైజర్. నా మీద అధికారి ఆమే. నలభై దాటిన మనిషి, పొట్టిగా, కాస్త బొద్దుగా ఉండేది. బాగన్ దాతుక్ వైపు కొబ్బరి తోట పనివాళ్ళ ఇంట్లో పుట్టి, పెళ్ళయి బంటింగ్ వచ్చి, కొన్నేళ్ళు ఫ్యాక్టరీలో చేసి, తర్వాత ఈ దుకాణంలో చేరింది. చేరిన కొత్తలో ఒకరోజు నేను మా అమ్మతో ఫోన్లో సగం తెలుగు, సగం తమిళం కలిపి మాట్లాడుతుంటే విని దగ్గరికి వచ్చింది.

"నువ్వు మనోల పిల్లవేటి?"

"అవునక్కా. కానీ నాకు తెలుగు సరిగా రాదు. అర్థమవుతుంది, అంతే" అన్నాను తమిళంలో.

"అర్తమవుతాది గదా, మరింకేటి? నాను మాటాడతాను, నువ్వు తప్పులు మాటాడు. ఇక్కడ నవ్వీవోలు ఎవులూ లేరు."

అలా మొదలైంది. తెలుగు చదవడం, రాయడం తర్వాత కౌలాలంపూర్‌లో ఒక తెలుగు సంఘం తరగతుల్లో నేర్చుకున్నాను. నోరు తిరిగింది మాత్రం పైడక్క కౌంటర్ దగ్గరే.

నేను చేరిన కొద్ది నెలలకు కంపెనీ సభ్యుల కార్డు తెచ్చింది. కొన్న సరుకులకు పాయింట్లు పడతాయి. పాయింట్లు కూడితే బహుమతుల పుస్తకంలో నచ్చినది తీసుకోవచ్చు. వీలైనంత మందిని చేర్పించమని పైనుంచి చెప్పారు. మిగతా కౌంటర్లలో ఆ పని బలవంతపు మందులా సాగేది. "కార్డు కావాలా?" అని అడగడం, వద్దంటే వదిలేయడం. పైడక్క అలా కాదు. ఆమె ఆ కార్డును నిజంగా నమ్మింది. తోటల్లో ఉన్న రోజుల్లో ఏ దుకాణమైనా తమ దగ్గర తీసుకోవడమే తప్ప తిరిగి ఇచ్చింది లేదనీ, ఇన్నాళ్ళకు ఒక దుకాణం తిరిగి ఇస్తానంటోందనీ ఆమె సంబరం.

మార్కెట్ వెనక వీధిలో రొహానీ అనే మలయ్ ఆవిడ ఉండేది. ఇంట్లో పిండివంటలు, బిస్కెట్లు చేసి అమ్ముకునేది. వయసులో పెద్దది కాబట్టి అందరం మక్‌చిక్ అని, అంటే పిన్ని అని, పిలిచేవాళ్ళం. వారం వారం మా దుకాణంలోనే పిండి, పంచదార, వెన్న కొనేది. ఆమెకు కార్డు మీద నమ్మకం లేదు.

"ఇది తీసుకుంటే నాకు అక్కర్లేనివి కూడా కొనిపిస్తారు కదూ?" అని అడిగింది మలయ్‌లో.

"అక్కర్లేనివి ఎందుకు కొంటారు మక్‌చిక్? మీరు కొనే పిండే కొనండి. రెండేళ్ళు తిరిగేసరికి పెద్ద ఓవెన్ వస్తుంది. నేను చెప్తున్నాను కదా" అంది పైడక్క.

ఆ చివరి మాట ఆమె అందరితోనూ అనేది. మక్‌చిక్‌తో సహా బంటింగ్‌లో చాలామంది ఆ మాట మీదే కార్డు ఫారంలో సంతకం పెట్టారు. కంపెనీ ఏదో వాళ్ళకు తెలియదు. పైడక్క తెలుసు.

ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచింది. వంటగది పక్క చిన్న గది తలుపు తీస్తే నిలువెత్తు సబ్బుపొడి పెట్టెలు. వాటి పక్కన షాంపూ సీసాలు, ఎవరూ తాగని ఏవో పానీయాల డబ్బాలు.

"ఏటక్కా ఇంత సబ్బుపొడి?" అన్నాను, నాకొచ్చిన తెలుగులో.

"డబల్ పాయింట్లే పిల్లా! ఆ వారం కొన్నోలకే లా. ఇంకొంచెం కూడితే వాషింగ్ మిషన్ వొస్తాది." మాట చివర ఆ "లా" ఇక్కడ అందరి నోటా వచ్చేదే.

ఆమె భర్త, లారీ నడిపే అప్పన్న బావ, అన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ మిషన్ వొచ్చినా, ఈ పొడంతా అయిపోయీసరికి మనం ముసలోలమైపోతాం. ఈ పొడికెట్టిన డబ్బుతో మిషనే కొనీసుంటే పోను."

పైడక్క అందరికంటే గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో బావ మాట గురించి ఎవరమూ ఆలోచించలేదు. ఇప్పుడు వెనక్కి చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మక్‌చిక్ రొహానీ కార్డు ఉన్నా లేకపోయినా ఆ పిండి కొనేది. అందువల్ల ఆమెకు వచ్చే ప్రతి పాయింటూ లాభమే. పైడక్క పాయింటు కోసం కొనేది. ఒకే కార్డు ఒకరికి గిట్టుబాటు, ఇంకొకరికి నష్టం. వాళ్ళిద్దరిలో కార్డును నమ్మనిది గెలుస్తోంది, నమ్మినది ఓడుతోంది. ఇది చెప్పేంత తెలివి అప్పుడు నాకు లేదు. ఉన్నా ఆమె వినేది కాదేమో.

మక్‌చిక్ ఓవెన్‌కు దగ్గరపడింది. కౌంటర్ దగ్గరికి వచ్చినప్పుడల్లా పైడక్క కార్డు మిషన్లో పెట్టి చూసి, ఎంత మిగిలిందో చెప్పేది. ఇద్దరూ ఆ ఓవెన్ ఏ గోడకు పెట్టాలో కూడా మాట్లాడుకునేవాళ్ళు. పండగ బిస్కెట్ల సమయానికి వచ్చేస్తుందని మక్‌చిక్ ముందే ఆర్డర్లు కూడా ఒప్పుకుంది.

అలాంటి సమయంలో మేనేజర్ లిమ్ మా సూపర్‌వైజర్లనూ, కౌంటర్లో ఉండే నన్నూ తన గదిలోకి పిలిచాడు. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి ప్రతి బహుమతికీ రెట్టింపు పాయింట్లు కావాలట. అంటే ఇప్పటిదాకా కూడబెట్టిన వాటి విలువ సగమైపోతుంది. ఆ రోజు గోడకు పోస్టర్లు అంటిస్తారట. అప్పటివరకు కస్టమర్లకు చెప్పవద్దని పై ఆఫీసు మాట. లిమ్ చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పేటప్పుడు బల్ల వైపే చూశాడు.

"ఇలా మార్చొచ్చా?" అని అడిగింది పైడక్క మలయ్‌లో.

"ఫారంలో రాసి ఉంది మేడమ్ పైడా. ఎప్పుడైనా మార్చే హక్కు కంపెనీకి ఉంది."

మధ్యాహ్నం భోజనం వేళ ఆమె ఒక ఖాళీ ఫారం తెచ్చుకుని, వెనక వైపున్న సన్నటి అక్షరాలను కళ్ళజోడు పెట్టుకుని చదివింది. డబ్బాలో అన్నం అలాగే ఉంది.

"ఉన్నాది పిల్లా. నిజంగానే రాసున్నాది. నువ్వెప్పుడైనా సదివినావేటి?"

"లేదక్కా."

"నానూ సదవలేదు. ఇంతమంది సేత సంతకాలెట్టించినాను, ఒక్కసారైనా తిరగేసి సూడలేదు." ఫారం బల్ల మీద పెట్టి, "ఆల్లు కంపెనీని సూసి ఎట్టలేదే. నన్ను సూసి ఎట్టినారు" అంది.

మక్‌చిక్‌కు ఒక్కదానికి రహస్యంగా చెబితే సరిపోతుంది కదా అన్నాను. పైడక్క డబ్బా మూత పెట్టి లేచింది.

ఆ వారాంతం జీతాలొచ్చిన శనివారం. దుకాణం కిటకిటలాడుతోంది. పైడక్క కౌంటర్ వెనకున్న మైకు అందుకుని మీట నొక్కింది. గంట మోగింది. తప్పిపోయిన పిల్లవాడి గురించో, అడ్డంగా నిలిపిన మోటార్‌సైకిల్ గురించో అనుకున్నాను. ఆమె గొంతు సవరించుకుంది. ముందు మలయ్‌లో, తర్వాత తమిళంలో చెప్పింది. చివరికి, దుకాణంలో మా భాషవాళ్ళు ఎందరున్నారో తెలియదు గానీ, తెలుగులోనూ చెప్పింది.

"తెలుగోలందరికీ సెప్తన్నాను. మీ కార్డుల్లో పాయింట్లుంటే ఈ నెలలోనే వాడీసుకోండి. వొచ్చే నెల నుంచి వాటికి సగం ఇలువే. నాను కౌంటర్లోంచి పైడమ్మని. ఈ కార్డులు మీకిప్పించింది నానే."

తర్వాత అందరూ కౌంటర్ వైపు వచ్చారు. ఆ రోజూ, తర్వాతి రోజుల్లోనూ వరుస తలుపు బయటిదాకా సాగింది. కుక్కర్లు, ఫ్యాన్లు, దుప్పట్లు, ఇస్త్రీ పెట్టెలు వెళ్ళిపోయాయి. అవి అయిపోయాక జనం పాయింట్లకు బియ్యం, నూనె కూపన్లు తీసుకున్నారు. కొందరు పైడక్కకు కృతజ్ఞతలు చెప్పారు. కొందరు ఆమెనే తిట్టారు. "నువ్వు చెప్పావనే కదా చేరాను" అన్న ఒకాయనకు ఆమె తలవంచి, "అవును" అని మాత్రం అంది.

మక్‌చిక్‌కు ఓవెన్ రాలేదు. కొంచెంలో తప్పిపోయింది. ఆ పాయింట్లకు పిండి, వెన్న తీసుకుంది. పండగ ఆర్డర్లు పాత చిన్న ఓవెన్‌లోనే, వాయి తర్వాత వాయి వేసుకుంటూ పూర్తి చేసింది. పైడక్క తన పాయింట్లు వాడుకుందో లేదో నేను అడగలేదు. వాషింగ్ మిషన్ మాత్రం ఆ ఇంటికి రాలేదు.

లిమ్ ఆమెను గదిలోకి పిలిచినప్పుడు తలుపు తెరిచే ఉంది.

"మేడమ్ పైడా, కావలసినవాళ్ళ చెవిలో చెప్తే సరిపోయేది లా. మైకెందుకు?"

"చెవిలో చెప్తే నాకు తెలిసినవాళ్ళకే అందుతుంది సార్. కార్డులైతే నాకు తెలియనివాళ్ళకు కూడా ఇచ్చాను."

లిమ్ అంతటితో వదిలేశాడు. పై ఆఫీసు మాత్రం ఊరుకోలేదు. పైడక్కను కౌంటర్ నుంచి తీసి వెనక గోడౌన్‌లోకి పంపారు. పెట్టెలు విప్పడం, సరుకు సర్దడం. ఆ వయసులో నడుము సహకరించని పని. కొన్నాళ్ళు చేసి, ఎవరినీ నిందించకుండా మానేసింది. మేము వీడ్కోలు విందు చేస్తామంటే వద్దంది. ఆమె స్థానంలో నన్ను కూర్చోబెట్టారు. నేను కూర్చున్నాను.

తర్వాత ఆమె మార్కెట్ దగ్గర పొద్దుటిపూట ఇడ్లీల అంగడి పెట్టింది. మక్‌చిక్ చేసిన పిండివంటలు కూడా ఒక పళ్ళెంలో అక్కడే అమ్మేది. కౌలాలంపూర్‌కు మారాక కూడా బంటింగ్ వెళ్ళినప్పుడల్లా అక్కడ తినేదాన్ని. ఒకసారి నేనే సలహా ఇచ్చాను. తొమ్మిదిసార్లు తిన్నవాళ్ళకు పదోసారి ఊరికే పెట్టేలా చిన్న కార్డు అచ్చు వేయిద్దామా అని.

ఆమె ఆవిరి పాత్ర మూత తీస్తూ అంది. "పదోది ఊరికే ఎట్టాలంటే, ఆ తొమ్మిదింట్లో ఎక్కడో ఒకకాడ తియ్యాల గదే. ఇడ్లీ సిన్నది సెయ్యాల, నేకపోతే దర పెంచాల. అంతకంటే తొమ్మిదీ బాగా సేసి ఎడితే పోలేదేటి?"

నేను ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "మైకులో చెప్పినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా అక్కా?"

"సెప్పినందుకు బాదెందుకు? ముందర సదవకుండా సెప్పినానే, దానికే."

ఇప్పుడు నేను కౌలాలంపూర్‌లో ఒక మందుల దుకాణాల సంస్థలో సభ్యుల విభాగం చూస్తున్నాను. కార్డులు ఇప్పించడమే నా ఉద్యోగం. కార్డులు మోసమని నేను అనుకోను. నెలనెలా తప్పకుండా మందులు కొనేవాళ్ళకు అవి నిజంగా పనికొస్తాయి. కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఫారం వెనక వైపు ముందు చదివిస్తాను. మొన్న ఒక శాఖకు వెళ్ళినప్పుడు, కళ్ళలో వేసుకునే చుక్కల మందు కొన్న పెద్దాయన కార్డు తనకు లాభమేనా అని అడిగాడు. కౌంటర్లోని అమ్మాయి నా వైపు చూసింది. ఆ శాఖ మేనేజర్ పక్కనే ఉన్నాడు. ఇంకేమి కొంటారని అడిగాను. ఇదొక్కటే, అదీ ఎప్పుడో ఒకసారి అన్నాడు.

"అయితే మీకు అవసరం లేదు. పనికొచ్చేన్ని పాయింట్లు కూడేలోపే వాటి గడువు తీరిపోతుంది" అన్నాను.

ఆయన తల ఊపి, చిల్లర జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట అనేముందు, పక్కనున్న మేనేజర్ ఏమంటాడోనని, నేను గొంతు సవరించుకోవలసి వచ్చింది. చెప్పేది చిన్న మాటే, ఒక్క మనిషికే. అయినా ప్రతిసారీ అలాగే అవుతుంది. ఆ శనివారం పైడక్క మైకు పట్టుకున్నప్పుడు ఆమెకు భయమన్నది లేదనుకున్నాను. చాలాకాలం ఆమెను అలాగే తలుచుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆ రోజు గొంతు సవరించుకుని ఆగిన ఆ కాస్త సేపూ ఆమె భయపడే ఉంటుంది. భయపడుతూనే మొదలుపెట్టి ఉంటుంది.