ఊదారంగు గీత, చివర చుక్క

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. చనిపోయినవారు తిరిగి వచ్చి మనుషుల మధ్య తిరగరని సండే స్కూల్లో నేర్చుకున్నాను. ఆ తర్వాత బైబిలు వాక్యం చదువుకునే వయసు వచ్చాక నాకు నేనుగా దాన్ని స్థిరపరచుకున్నాను. పైగా ఈ సంగతిలో చనిపోయినవారెవరూ లేరు. అందరూ బతికే ఉన్నారు. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే.

మాది చీరాల. సింగపూర్‌లో సివిల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. హౌగాంగ్‌లో మరో ముగ్గురితో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటాను. ఆదివారం ఉదయం టోవా పాయోలో ఒక హాలు అద్దెకు తీసుకుని మా తెలుగు సంఘం ఆరాధన జరుపుకుంటుంది.

మా డిపార్ట్‌మెంట్ నుంచి పదకొండు మందిమి ఇండోనేషియాలో ఒక కొండపల్లెకు నడక వంతెన కట్టడానికి స్వచ్ఛందంగా వెళ్ళాం. నదికి ఇవతల బడి, అవతల ఊరు. వానాకాలంలో పిల్లలు నడుము లోతు నీళ్ళలో దాటేవారు. రెండు ఇనుప తాళ్ళ మీద చెక్కలు పరిచే వేలాడే వంతెన అది. మొత్తం బరువును మోసేవి ఆ తాళ్ళే. ఆ తాళ్ళ చివరలను ఒడ్డు మీద పట్టి ఉంచేవి క్లిప్పులు. ఒక్కో చివర ఆరు క్లిప్పులు, ఒక్కో క్లిప్పుకు రెండు నట్లు.

ఈ క్లిప్పులు బిగించడం మాకు నేర్పినది సత్యం అన్న. ఊరు శ్రీకాకుళం దగ్గర. పద్నాలుగేళ్ళుగా తువాస్‌లోని ఒక యార్డులో ఇనుప తాళ్ళ పని చేస్తున్నాడు. ఆ యార్డువాళ్ళు మాకు పాత తాడు ఇచ్చి, శనివారాలు అక్కడే సాధన చేసుకోనిచ్చారు. నేను తెలుగువాణ్ణని తెలిశాక ఆయన తన భోజన విరామం కూడా మాతోనే గడిపేవాడు.

ఆయన చెప్పిన ముఖ్యమైన మాట ఒక్కటే. క్లిప్పును రెండుసార్లు బిగించాలి. చెక్కలు పరిచి, బరువు పడ్డాక తాడు సాగి కొద్దిగా సన్నబడుతుంది. మొదటిసారి గట్టిగా ఉన్న నట్టు అప్పుడు వదులవుతుంది. అందుకే రెండోసారి. ఆ రెండోసారి అయ్యాకే నట్టు మీదుగా బోల్టు మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గీయాలి. తర్వాత ఎప్పుడైనా నట్టు తిరిగితే గీత విడిపోయి కనిపిస్తుంది.

ఆ యార్డులో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. ఆయనది ఊదా. గీత చివర ఒక చుక్క కూడా పెట్టేవాడు. మాలో ఎవరో ఎందుకని నవ్వితే, "సుక్క ఎట్టే ఓపికుంటే బిగించినట్టే బాబూ. ఓపిక లేనోడు గీత గీసి పోతాడు" అన్నాడు. మాలో ఎవరమూ చుక్కలు పెట్టలేదు. మాకు ఎరుపు, పసుపు, పచ్చ, తెలుపు పెన్నులు ఉండేవి. ఊదా లేదు. సామాన్ల జాబితా తయారు చేసింది నేనే కాబట్టి ఈ మాట ఖాయంగా చెప్పగలను.

ఇంకొక సంగతి. సరైన బిగువు రాగానే టిక్కుమనే రెంచి ఒకటి మా దగ్గర ఉండేది. ఆయన మామూలు స్పానర్‌తో బిగించి, "ఇప్పుడు సూడు" అనేవాడు. రెంచి పెట్టగానే టిక్కుమనేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు నా తప్పు.

శుక్రవారం మధ్యాహ్నం రెండోసారి బిగించే పని జరుగుతోంది. అవతలి ఒడ్డున ఎడమ తాడు నా వంతు. వాన మొదలైంది. రేవు దాకా తీసుకెళ్ళే జీపువాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు, ఆ పడవ తప్పితే విమానం తప్పుతుంది. తనిఖీ పత్రంలో ఆరు క్లిప్పుల గడులు, ఒక్కో గడికీ ఎదురుగా 'బిగించినవారు' అన్న చోట సంతకం. నేను ఆరింటికీ సంతకం పెట్టేశాను. ఒక్క నట్టు కూడా తిప్పలేదు. మొదటిసారి గట్టిగానే బిగించాను కదా, ఏమీ కాదులే అనుకున్నాను. రికార్డు కోసం ఒక ఫోటో తీశాను. అందులో పన్నెండు నట్లూ ఏ గీతా లేకుండా ఉన్నాయి. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

రెంచి నా సామానులోనే సర్దుకున్నాను. సోమవారం ప్రారంభోత్సవానికి ఇద్దరు ఆగిపోయారు. ఒకడు వెయ్ జీ, సింగపూర్ కుర్రాడు. రెండోది శ్రావణి, వరంగల్ అమ్మాయి. మిగతావాళ్ళం శనివారం సాయంత్రానికి సింగపూర్ చేరాం.

ఆదివారం మా సంఘంలో బల్ల ఆరాధన, అంటే ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. రొట్టె అందుకునే ముందు కొన్ని నిమిషాలు మౌనంగా ఉండి ఎవరిని వారు పరీక్షించుకోవాలి. చిన్నప్పటి నుంచి చేస్తున్నదే. చాలాసార్లు ఆ నిమిషాల్లో మధ్యాహ్నం ఏం తినాలా అని ఆలోచించిన సందర్భాలూ ఉన్నాయి. ఆ రోజు కళ్ళు మూసుకోగానే ఆరు సంతకాలు కనిపించాయి. వాటి వెనకే, ఇరవై నాలుగు గంటల్లో ఆ వంతెన మీద బారులు తీరబోయే బడిపిల్లలు. పళ్ళెం నా దగ్గరకు వచ్చింది. నేను ముట్టుకోకుండా పక్కవారికి అందించి, లేచి బయట మెట్ల మీదికి వెళ్ళిపోయాను.

వెయ్ జీకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. నేను సంతకం పెట్టాను కానీ బిగించలేదు, స్పానర్ తీసుకుని వెంటనే వెళ్ళు, రెంచి నా దగ్గర ఉండిపోయింది అన్నాను. అతను తిట్టలేదు. తన సింగపూర్ యాసలో "ఓకే లా" అన్నాడు.

నలభై నిమిషాల తర్వాత ఫోన్ వచ్చింది.

"ఆల్ టైట్ లా, బ్రదర్. కాంట్ ఈవెన్ మూవ్. బట్ హూ గాట్ పర్పుల్ పెన్ ఆ?"

ఫోటో పంపాడు. పన్నెండు నట్లు. పన్నెండు ఊదారంగు గీతలు. ప్రతి గీత చివరా చుక్క.

నాకు మొదట వచ్చింది భయం కాదు, కోపం. ఎవరో నాతో ఆడుకుంటున్నారు. నేను బిగించకుండా వెళ్ళడం చూసి, తామే బిగించి, నాకు బుద్ధి రావాలని సత్యం అన్న గుర్తు పెట్టారు. ఆ గుర్తు తెలిసినవాళ్ళు అక్కడ ఇద్దరే. వెయ్ జీకి ఇలాంటి వేళాకోళం చేతకాదు. కాబట్టి శ్రావణి. ఆమెకే ఫోన్ చేశాను.

"నేనెందుకు చేస్త అన్నా? చేస్తే అప్పుడే మొత్తుకోనా, నువ్వు చెయ్యలేదని?" అంది. నేను మళ్ళీ మళ్ళీ అడిగేసరికి ఆమెకు ఒళ్ళు మండింది. "తప్పు నువ్వు జేసి డౌట్ నా మీద పడ్తవా? పెన్నులన్నీ నా ముందే ఉన్నయ్. వీడియో కాల్ చెయ్, చూపిస్త." చూపించింది. నాలుగు పెన్నులు, నాలుగు రంగులు. శనివారమంతా ఇద్దరూ బడిలో పిల్లలకు వంతెన మీద ఎలా నడవాలో నేర్పుతూ ఉన్నారు. అవతలి ఒడ్డుకు వెళ్ళే దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది.

ఊరివాళ్ళేమో అనుకున్నాను. వాళ్ళకు ఊదారంగు పెన్ను ఎక్కడిది? ఆ చుక్క సంగతి ఎవరు చెబుతారు?

ఆ మధ్యాహ్నమే తువాస్ వెళ్ళాను. నిజం చెప్పాలంటే అనుమానంతోనే వెళ్ళాను. ఇంకో పెన్ను ఆయన శ్రావణికి ఇచ్చి పంపాడేమో, ఇద్దరూ మాట్లాడుకున్నారేమో. సత్యం అన్న డార్మిటరీ వెనక బట్టలు ఆరేస్తున్నాడు. చొక్కా జేబులో ఊదారంగు పెన్ను.

"ఏటి ప్రవీణ్ బాబూ, మీ గుడి మానేసి ఇటొచ్చావు?" అని నవ్వాడు.

నేను ఇంకా ఏమీ చెప్పలేదు. బట్టల క్లిప్పు ఒకటి తీగకు తగిలిస్తూ ఆయనే అన్నాడు.

"ఆ మూడోదాని మర దెబ్బ తింది కదా, ఇబ్బంది పెట్టింది. మారిస్తే పోయేది."

ఎడమ తాడుకు మూడో క్లిప్పు మొదటిసారి బిగించేటప్పుడు నా చేతిలోంచి జారి రాయి మీద పడింది. బోల్టు మరకు చిన్న నొక్కు పడింది. మార్చాలంటే క్లిప్పు విప్పాలి, ఆలస్యమవుతుంది. నొక్కు కింద వైపుకు పెట్టి బిగించేశాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఉదయం వెయ్ జీకి ఒప్పుకున్నప్పుడు కూడా చెప్పలేదు.

"అన్నా, నీకెవరు చెప్పారు?"

"నువ్వే సెప్పావు కదా?"

"ఎప్పుడు?"

ఆయన చేతిలోని తడి చొక్కాను చూస్తూ నిలబడిపోయాడు. "ఏమో బాబూ. నువ్వే సెప్పినట్టుంది. ఎవులు సెప్పారో."

ఫోన్ తీసి చూశాను. మేము బయలుదేరినప్పటి నుంచి ఆయనకు నేను ఒక్క కాల్ చేయలేదు, ఒక్క మెసేజ్ పెట్టలేదు. శుక్ర, శని రెండు రోజులూ ఆయన ఎక్కడున్నాడని గదిలోవాళ్ళను అడిగాను. నలుగురూ ఒకటే చెప్పారు. ఒకే లారీలో పనికి వెళ్ళారు, ఒకే లారీలో వచ్చారు. వాళ్ళలో ఒకడు, "శనారం మజ్జాన్నం అన్నం తిని తాళ్ళ మీదే నిద్దరోయాడు మావోడు, లేపితే లెగలేదు" అని నవ్వాడు. ఎండలో పని చేసేవాడు అన్నం తిని నిద్రపోవడం వింత కాదు. అందుకే దాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. విన్నాను కాబట్టి చెబుతున్నాను.

జరిగినదంతా ఆయనకు చెప్పి ఫోటో చూపించాను. వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "గీత నాదే" అన్నాడు. ఆ తర్వాత తమ ప్రాంతపు దేవుడు అప్పన్న స్వామిని తలుచుకుని దండం పెట్టుకున్నాడు.

సోమవారం ఉదయం పట్నం నుంచి ఒక ఇంజనీరు తన రెంచి తెచ్చుకుని వచ్చాడు. వెయ్ జీ అడిగి పిలిపించాడు. పన్నెండు నట్లకూ రెంచి పెట్టగానే టిక్కుమంది. అప్పటిదాకా పిల్లల్ని ఇవతలే ఆపారు. తర్వాత వదిలారు. శ్రావణి పంపిన వీడియోలో బూట్లు చేత్తో పట్టుకుని ఒక పాప అందరికంటే ముందు దాటుతుంది. దాన్ని చాలాసార్లు చూశాను. నా కళ్ళు పాప మీద నిలవవు, ఎడమ చివరకే పోతాయి.

మా సంఘ పెద్ద జోసెఫ్ అంకుల్‌కు చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. "దేవుడు తన దూతను పంపాడు నాన్నా. వచ్చే వారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పు" అన్నారు. అలాగే నమ్మాలని నాకూ ఉంది. కానీ ప్రతి ఆత్మనూ పరీక్షించాలని నాకు నేర్పింది కూడా ఆయనే. దూత అయితే సత్యం అన్న గీత ఎందుకు గీస్తాడు? మా దేవుణ్ణి ఎరగని మనిషి చెయ్యి ఎందుకు? మోసపరిచే ఆత్మ ఏదైనా అయితే పిల్లల ప్రాణాలు ఎందుకు కాపాడుతుంది? అంకుల్‌నే అడిగాను. "నువ్వు ఎక్కువ ఆలోచిస్తావు" అన్నారు.

ఆదివారం సాక్ష్యానికి నిలబడ్డాను. దూత గురించి చెప్పలేదు. నేను అబద్ధపు సంతకం పెట్టానని మాత్రం చెప్పి కూర్చున్నాను. ఆ రోజు రొట్టె అందుకున్నాను.

వంతెన పని చూసే మా ప్రొఫెసర్‌కు ముందే చెప్పేశాను. ఆయన నా పేరు వచ్చే ఏడాది వంతెన జట్టులోంచి తీసేశారు. అది న్యాయమే. తనిఖీ పత్రం నా ముందుకు జరిపి, సంతకాలు కొట్టేసి, అసలు బిగించినవారి పేరు రాయమన్నారు. నాకు తెలిసినవారి పేర్లన్నీ ఒక్కొక్కటే మనసులో పెట్టి చూసుకున్నాను. వెయ్ జీ, శ్రావణి, ఊరివాళ్ళు, సత్యం అన్న. ఒక్కటీ రాయలేకపోయాను. ఇంకోసారి అబద్ధం రాయడం నా వల్ల కాదు.

ఆరు సంతకాలూ కొట్టేశాను. వాటి పక్కన గడులు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.