బీడీల వాడ నుంచి బడికి

పెళ్లయి నిజామాబాదు వచ్చేనాటికి నాకు పదిహేడేళ్లు. అప్పుడింకా నిజాం రాజ్యం. మా ఆయన కచేరీలో గుమాస్తా. మా నాన్న పట్టుబట్టి నాకు తెలుగు, ఉర్దూ రెండూ చెప్పించాడు గానీ, కాపురానికి వచ్చాక ఆ చదువుతో నాకు పనేమీ పడలేదు. వంటయ్యాక పెరట్లో కూర్చునేదాన్ని. మా పెరటి గోడకు అవతలే బీడీల వాడ.

ఆ వాడలో ఇంటింటా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేవారు. పక్కన ఆరేడేళ్ల ఆడపిల్లలు కూర్చుని, తల్లి చుట్టిన బీడీకి మూతి మడిచి దారం కట్టేవారు. ఆడపిల్లల సర్కారు బడి అక్కడికి పది నిమిషాల నడక. ఆ పిల్లల్లో ఒక్కరూ అటు వెళ్లడం నేను చూడలేదు.

ఒకరోజు ధైర్యం చేసి ఆ బడి పెద్ద పంతులమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె హైదరాబాదు నుంచి వచ్చిన ముస్లిం స్త్రీ. ముక్కుసూటి మనిషి. బీడీల వాడ పిల్లల్ని చేర్చుకోమని అడిగితే, రెండుసార్లు చేర్చుకుని చూశానని చెప్పింది. నాలుగు రోజులు వస్తారట, ఐదో రోజు నుంచి ఉండరట. పాఠం ఉర్దూలో సాగుతుంటే ఏమీ అర్థంకాక గోడకేసి చూస్తూ కూర్చుంటారట. చివరికి ఒక మాట అంది. నాలుగు నెలలు నా దగ్గర నాగా లేకుండా చదివితే, ఆ పిల్లల్ని తానే చేర్చుకుంటుందట.

మర్నాడు వాడకు వెళ్లాను. తల్లులు తలెత్తకుండా, చేయి ఆపకుండా విన్నారు. మగవాళ్లు మాత్రం ఠక్కున కాదన్నారు. పిల్లలు కూర్చోకపోతే పని వెనకబడుతుందన్నారు. వాడకంతటికీ పెద్దదైన ఒక ముసలామె ఉండేది. ఆమెను అందరూ అవ్వ అనేవారు. ఎంతసేపు చెప్తావని అడిగింది. పొద్దున రెండు గంటలు అన్నాను. సరే పొమ్మంది.

ఆ మర్నాడు ఐదుగురు ఆడపిల్లలు మా పెరట్లోకి వచ్చారు. వాళ్ల బట్టల నిండా పొగాకు వాసన. తెలుగు అక్షరాలూ ఉర్దూ అక్షరాలూ పక్కపక్కనే మొదలుపెట్టాను. దారం ముడి వేసే చేతులు కదా, బలపం పట్టుకోవడం ఒక్కపూటలో వచ్చేసింది. అందరిలోకీ చిన్నది, తల్లీ తండ్రీ లేక పిన్ని దగ్గర పెరుగుతున్న పిల్ల, నెల తిరక్కుండా నేను పలక మీద ఏం రాస్తే అది గడగడా చదివేది.

నాలుగు రోజులు గడిచాయి, నెల గడిచింది. ఒక్కరూ మానలేదు. వానాకాలంలో వాడంతా మోకాటి లోతు నీళ్లయినప్పుడు కూడా లంగాలు పైకి దోపుకుని వచ్చారు. నాకు గర్వం కలిగింది. పెద్ద పంతులమ్మ నిలపలేని పిల్లల్ని నేను నిలిపానని మా ఆయనతో ఎన్నిసార్లు చెప్పానో. నేను చెప్పే తీరు బాగుంది కాబట్టే వస్తున్నారని నిజంగా నమ్మాను.

మూడో నెలలో ఒక పొద్దున, ఒక పిల్ల పలక మా ఇంట్లో మరిచిపోతే ఇద్దామని వాడలోకి వెళ్లాను. అవ్వ ఇంటి ముందు ఒక గంప ఉంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తాము చుట్టిన వాటిలోంచి గుప్పెడు బీడీలు అందులో వేసి వెళ్తున్నారు. పిల్లలున్న వాళ్లూ వేస్తున్నారు, లేని వాళ్లూ వేస్తున్నారు. నీళ్ల దగ్గర రోజూ పోట్లాడుకునే ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూడకుండానే వేశారు. ఆ ఎండాకాలమే కూతుర్ని అమ్మవారు పోసి పోగొట్టుకున్న తల్లి కూడా వచ్చి వేసింది.

అదేమిటని అవ్వను అడిగాను.

"పిల్లలు సదువుకు వస్తె పని ఆగుతదని మొగోళ్లు అనిరి గద," అంది అవ్వ. "పని ఆగకుంట మేం సూస్తున్నం. ఆ ఐదుగురి వంతు గీ గంపలకెల్లి నిండుతది."

మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీకు సెప్తె మా మీద పాపమనుకుంటవు బిడ్డా. పిల్లల్ని జెల్ది ఇడిసిపెడ్తవు. గప్పుడు వాండ్లకు అచ్చరాలు తక్కువ పడ్తయి."

ఇంటికొచ్చి చాలాసేపు పొయ్యి ముట్టించలేదు. ఆ పూట మా ఆయనకు అన్నం ఆలస్యమైంది. ఎందుకని అడిగితే జరిగింది చెప్పాను. ఆ తర్వాత నేను పిల్లలకు ఒక్క నిమిషం కూడా తక్కువ చెప్పలేదు.

నాలుగు నెలలు నిండాక ఐదుగురినీ బడికి తీసుకెళ్లాను. వెనక్కి చూస్తే వాడ ఆడవాళ్లంతా వస్తున్నారు. పగటిపూట వాళ్లను చాట లేకుండా చూడటం అదే మొదటిసారి. పెద్ద పంతులమ్మ ఒక్కొక్క పిల్లతో ఉర్దూ వాచకం చదివించింది. చిన్నది రెండు పేజీలు చదివి ఇంకా తిప్పబోతుంటే చాలని ఆపింది. తర్వాత తల్లుల్ని పిలిచి కాగితం మీద వేలిముద్ర వేయమంది.

ముద్ర పడలేదు. సిరా అంటింది గానీ గీతలు లేవు. నున్నటి నల్లమచ్చ మాత్రం వచ్చింది. బడి గుమాస్తా మళ్లీ వేయించాడు. మళ్లీ అంతే. ఏళ్ల తరబడి బీడీ ఆకు రుద్దీ రుద్దీ బొటనవేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. తల్లితండ్రులు లేని పిల్ల కాగితానికి ఎవరు వేస్తారని అడిగితే, పిన్నితో పాటు అవ్వా, ఇంకో నలుగురూ ఒకేసారి చేతులు చాచారు.

పెద్ద పంతులమ్మ లేచి వచ్చింది. అవ్వ చేతిని తన చేతిలోకి తీసుకుని ఆ వేలిని చాలాసేపు చూసింది. ఆ మచ్చలే చాలని, కాగితాలు తీసుకొమ్మని గుమాస్తాకు చెప్పింది.

ఐదుగురిలో ఒకామెకు రెండో ఏడే పెళ్లి చేశారు. ఇంకొకామె తండ్రి చెరకు పనికని బోధన్ వెళ్లిపోతే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయింది. నేనేమీ చేయలేకపోయాను. ముగ్గురు నాలుగో తరగతి పాసయ్యారు. చిన్నది అదే బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పే పంతులమ్మ అయింది. ఆమెకు ఉద్యోగం వచ్చిందని వాడకు చెప్పడానికి నేనే వెళ్లాను. ఆడవాళ్లు విన్నారు, నవ్వారు, మళ్లీ ఆకు అందుకున్నారు. తాము చేసింది గొప్ప పని అని వాళ్లలో ఏ ఒక్కరికీ అనిపించినట్టు లేదు.