వాగులో వేయించిన కొమ్మలు

మొన్న వాన తెరిపిచ్చాక కొవ్వూరు రేవులో తడిసిన పచ్చికర్ర వాసన, ఒండ్రు వాసనతో కలిసి గుప్పున తగిలింది. కూర్చున్నవాణ్ణి నాకు తెలియకుండానే రెండు మెట్లు పైకెక్కాను. "ఏంటండీ, నీళ్లేం పెరగలేదు కదా!" అని పక్కాయన నవ్వాడు. రోడ్డు పనిలో నాకు పై మేస్త్రిగా ఉన్న సోమన్న గారు ఉంటే నవ్వేవారు కాదు. ఏడో తరగతి దాటని నాకు కొండల గురించి తెలిసిందంతా ఆయన పెట్టిన భిక్షే. పుస్తకాలు ఆ తర్వాత నాకు నేనే చదువుకున్నాను.

వయసులో ఉండగా మారేడుమిల్లి వైపు ఘాట్ రోడ్డు పనికి వెళ్లాను. మేస్త్రి గారు కొండ మనిషి, మితభాషి. రోడ్డుకు అడ్డని కొట్టిన చెట్ల కొమ్మలు తీయించే పని నాకు అప్పగించారు. మాది కడియం, పల్లపు నేల. మా వైపు అక్కర్లేనిది ఏదైనా కాలవలో పడేస్తే మిగతాది సముద్రం చూసుకుంటుంది. ఆ అలవాటుతోనే కొమ్మలూ మొద్దులూ అన్నీ పక్క వాగులోకి తోయించేశాను. పని రెండు రోజులు ముందే అయిందని మీసం కూడా మెలేశాను.

ఆ తర్వాత నాలుగో రోజు జడివాన. మధ్యాహ్నం దాకా హోరెత్తిన వాగు ఉన్నట్టుండి సన్నబడింది. దిగువన వాగు పక్క పాకల్లో కూలీల ఆడవాళ్లు వంటలు చేస్తున్నారు. "తగ్గిందండోయ్!" అని సంబరంగా అరిచాను. మేస్త్రి గారు పలుగు పారేసి పరుగెత్తుకొచ్చారు.

"తగ్గలేదురా, పైన ఆగింది! అందర్నీ గట్టెక్కించు!"

"అన్నం ఉడుకుతోందండి..." అని నసిగాను.

"బతికుంటే మళ్లీ వండుకుందాం. నడు!"

ఆఖరుగా ఒక ముసలమ్మను భుజాన వేసుకుని ఆయన గట్టెక్కారో లేదో, పచ్చికర్ర, ఒండ్రు కలిసిన వాసన గుప్పుమంది, పైన ఫెళ్లుమంది. ముందు కర్రలు, వాటి వెనక బురద, బండలు. పాకలు మిగల్లేదు. మనుషులందరూ మిగిలారు.

మర్నాడు ఆయన రేకుముక్కను ఏటవాలుగా పెట్టి, కింద రెండు రాళ్లతో ఇరుకు చేసి, పైనుంచి బురద వదిలారు. రంపప్పొట్టు కలిపితే బురదతో పాటే జారిపోయింది. జానెడు పుల్లలు కలిపితే అవి ఇరుకులో అడ్డం తిరిగాయి. బురద వాటి వెనక పేరుకుని, పేరుకుని, ఒక్కసారిగా తెగింది. "మీ కాలవ కర్రని మోసుకుపోద్ది. కొండ వాగుకి కర్రే తలుపు. ఆ తలుపు నువ్వేశావు" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

విచారణకొచ్చిన ఇంజనీరు జీపు దిగకుండానే "అతివృష్టి" అని రాసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మేస్త్రి గారు నా వైపే చూస్తున్నారు. "కొమ్మలు వాగులో వేయించింది నేనండి" అనేశాను. "నాలుగు కర్రముక్కలకి కొండ కదులుతుందా! చదువుకోనివాడివి, నీకేం తెలుసయ్యా?" అని ఆ పెద్దమనిషి నవ్వేసి పోయాడు. ఆ నవ్వు మీద కోపంతోనే ఇన్నేళ్లూ చదివాను. ఆ పూట మేస్త్రి గారు తన కంచంలో సగం అన్నం నాకు తీసిపెట్టి, "తినవోయ్. రేపట్నుంచి మిగతా వాగులు బాగుచేద్దాం" అన్నారు.

ఇప్పటికీ ఎక్కడైనా కొండ జారితే టీవీలో వాన లెక్కే చెబుతారు, కర్ర సంగతి ఒక్కడూ అడగడు! అందుకే వాగుల్లో నరికి పడేసిన కలప తీయించండి అని ఏటా తొలకరికి ముందు రోడ్ల ఆఫీసుకు ఉత్తరం రాస్తాను. జవాబు రాదు. రాకపోనీ. చెప్పడానికి నువ్వెవరివని వాళ్లు అడక్కముందే మొదటి వాక్యంలో రాసేస్తాను: "అయ్యా, ఒకప్పుడు అలాంటి కొమ్మలు వాగులో వేయించినవాణ్ణి నేను."