నన్నడుగుండ్రి

అఫ్జల్‌గంజ్‌లో కొండల్ మసాలా దుకాణం పక్కనే నా చెప్పుల దుకాణం. ఫోన్లు రాజ్యమేలే ఈ కాలంలో రేడియోలో ప్రకటన ఇస్తానని అతనంటే, "పైసలు మూసీల పారేస్తవా అన్నా?" అని వెక్కిరించినవాళ్లలో నేనే ముందున్నాను.

కొండల్ లెక్క వేరు. వంటింట్లో చేతులకు పిండి అంటుకున్న ఆడవాళ్లు ఫోను ముట్టుకోరు, రేడియో వింటారు. ఆటోవాళ్లూ అంతే. రేడియో ఆఫీసులో ప్రకటనలు చూసే నగేష్, తియ్యటి గొంతున్న అమ్మాయితో చెప్పిద్దామన్నాడు. కొండల్ ఒప్పుకోక భార్య సావిత్రిని తీసుకుపోయాడు. సావిత్రిది కసురుకునే గొంతు. రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి, "కూర కుదరలేదా? నన్నడుగుండ్రి! అఫ్జల్‌గంజ్‌ల కొండల్ మసాలా దుకాణంల ఉంట" అని దబాయించింది.

ఇంకేముంది, జనం అడగడానికే వచ్చారు. యాకుత్‌పురా నుంచి షౌకత్ బీ, "నా బగారా బైంగన్ చేదెందుకైతుంది సావిత్రమ్మా?" అంటూ వచ్చి, నాలుగు తిట్లు తిని, సంచి నింపుకొని పోయేది. అడగొచ్చినవాళ్లెవరూ వట్టి చేతులతో పోలేదు. వాళ్లతో నా చెప్పులకూ గిరాకీ పెరిగింది, అబద్ధమెందుకు.

తర్వాత సావిత్రి గొంతులో కేన్సర్ బయటపడింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడకు తెల్ల గుడ్డ కట్టుకొని దుకాణంలో కూర్చునేది. రేడియోలో మాత్రం ఆమె "నన్నడుగుండ్రి" అంటూనే ఉంది, జనం వస్తూనే ఉన్నారు. ఒకరోజు కొత్త పెళ్లికూతురొకతె వచ్చి, "రేడియో అమ్మ ఏది?" అంది. సావిత్రి గుండె మీద చెయ్యి పెట్టుకొని నేనేనన్నట్టు చూపింది. ఆ పిల్ల నవ్వేసి, "మజాక్ చేస్తున్నవా అమ్మా? గామె మస్తు మాట్లాడ్తది" అంది. నాకు ఒళ్లు మండింది. పాపం, దానికేం తెలుసు.

అది చూశాక కొండల్ ప్రకటన మార్చేద్దామనుకున్నాడు. సావిత్రి వేలితో రేడియోనూ, తర్వాత తన చెవినీ చూపింది. మారిస్తే మార్చు, నా గొంతు మాత్రం నాకు తెచ్చియ్యమని. ఆ ఇంట్లో వీడియోలు తీసుకునే అలవాటు లేదు. ఆమె మాట మిగిలింది ఆ ప్రకటనలోనే.

కొండల్ నా ముందే నగేష్‌కు ఫోన్ చేశాడు. "కొత్తది వెయ్యి తమ్మీ. పాతది తీసియ్యి" అన్నాడు. తీసి తన చేతికియ్యమని అతని మాటకర్థం. బస్సుల హారన్ల మధ్య నగేష్‌కు అది "తీసెయ్యి" అని వినబడింది.

కొత్త ప్రకటన మొదలయ్యాక కొండల్ పెన్‌డ్రైవ్ పట్టుకొని ఆఫీసుకు పోయాడు. "మీరే తీసెయ్యమంటిరి కదన్నా! డిలీట్ చేసిన" అన్నాడట నగేష్. ఎన్ని కంప్యూటర్లు వెతికినా దొరకలేదు.

అతను తిరిగొచ్చేసరికి సావిత్రి ఆశగా చెయ్యి చాపింది. "లేదు సావిత్రీ. నా నోటితోని నేనే పోగొట్టిన" అంటూ కొండల్ తల బాదుకున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకొని ఆపింది. తర్వాత గోడవైపు తిరిగి కూర్చుంది. ఆమె ఏడిస్తే వినబడదు కదా. భుజాలు చూసి తెలుసుకున్నాం.