దేనికి లొంగుతదో

నాందేడ్‌లో మరాఠీ బడిలో లెక్కలు చెప్పిన మా మేనత్తకు పెద్ద సంఖ్య కనబడితే కాళ్లు ఆగిపోయేవి. ఆటో వెనకాలదైనా, రైలింజను మీదదైనా, "దేనికి లొంగుతదో చూద్దాం" అంటూ మూడు, ఏడు, పదకొండులతో మనసులోనే భాగించేది. దేనికీ లొంగకపోతే అది ప్రధాన సంఖ్య. ఆమె మాటలో 'మూళ్ సంఖ్య'. అలాంటిది దొరికిన రోజు ఇంటికొచ్చి మామయ్యకు చెప్పేది. ఆయనకు లెక్కలంటే పడవు. అయినా "షాబాష్" అనేవాడు.

ఆ మామయ్యకే నిరుడు పేగుల ఆపరేషన్ జరిగింది. ఆ మధ్యాహ్నం అత్తా నేనూ ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. ఎదురుగా ఆక్సిజన్ సిలిండర్ మీద 38,16,541 అని రాసి ఉంది. అత్త చూపు దాని మీద పడింది.

"అంకెలు కూడితే ఇరవై ఎనిమిది. మూటికి లొంగలే. ఏడింటికి గూడ లొంగలే," అంది. "పదకొండు, పదమూడు... ఊహూఁ."

"అత్తా, జర నీళ్లు తాగు," అన్నాను.

"ఆగు బిడ్డా. లెక్క ఆపితే భయమైతది."

పదిహేడు దాటి పందొమ్మిదితో భాగిస్తుండగా తలుపు తెరుచుకుంది. అంతా బాగా జరిగిందని, మామయ్యకు మెలకువ వచ్చిందని డాక్టర్ మరాఠీలో చెప్పాడు.

అత్త నా భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"మరి ఆ సంఖ్య ఏమైంది?" అని అడిగాను.

"ఏదైతే ఏంది బిడ్డా! మీ మామ కండ్లు తెరిసిండు, నడువు" అంటూ, నాకంటే ముందే లోపలికి పరుగెత్తింది.