పది గేర్లు, ఒక్క పళ్ళచక్రం

ఉన్న సైకిల్‌ని బాగుచెయ్యబోయి, ఘాట్ రోడ్డు మీద నా పరువుతోపాటు బచేలి ఆడపిల్లలందరి పరువునీ గాలికి ఎలా వదలబోయానో చెప్తాను. మొహమాటపడకుండా నవ్వండి. మా నాన్న ఇప్పటికీ ఆపలేదు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. తెలియనిదంటూ లేదనుకునే వయసు. ఏటా మా బచేలి ఇనుపగనుల టౌన్‌షిప్ క్లబ్బు వాళ్ళు కింద మైదానం నుంచి కొండ మీది కాలనీ దాకా సైకిల్ పందెం పెడతారు. అది మగపిల్లలకి. ఆడపిల్లలకి చెంచాలో నిమ్మకాయ. నేను వెళ్ళి క్లబ్బు సెక్రటరీ గారి దగ్గర గొడవపెట్టుకున్నాను. పాపం ఆయన చాలాసేపు విన్నాడు. చివరికి ఒక్క మాట అన్నాడు:

"ఈసారి అబ్బాయిలతో తొక్కమ్మా. పైదాకా వస్తే వచ్చే ఏడు ఆడపిల్లలకి విడిగా పందెం పెడతాను. మధ్యలో జీపెక్కావా, ఇక ఆ మాట ఎత్తొద్దు."

సైకిల్ తోసుకుంటూ నడిస్తే వెనకాల వచ్చే జీపులో ఎక్కించేస్తారు, అదీ రూలు.

నా దగ్గర పాత రోడ్డు సైకిల్ ఉంది, వంపు హ్యాండిల్‌ది. దాని గేర్ల లీవరూ, వెనక చైన్‌ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి తోసే డిరైలరూ రెండూ పోయాయి. జగదల్‌పూర్‌లో దుకాణానికి ఫోన్ చేసి పది గేర్లవి కావాలన్నాను. ఆయన, "రోడ్ వాలా చాహియే, కి పహాడ్ వాలా?" అన్నాడు. రోడ్డు సైకిల్‌కా, కొండల్లో తొక్కే సైకిల్‌కా అని ఆ మహానుభావుడి ప్రశ్న. ఇనుపకొండ కింద పుట్టి పెరిగినదాన్ని, నాకలా అర్థమైతేగా! మా ఊరి దారి అడుగుతున్నాడనుకున్నాను.

"భయ్యా, హమారా రోడ్ హీ పహాడ్ పే హై," అన్నాను. మా రోడ్డుండేదే కొండ మీద అని.

ఆయన "సమఝ్ గయా" అన్నాడు. ఏం అర్థమైందో మూడోనాడు బస్సులో వచ్చింది. లీవరు రోడ్డు సైకిల్‌ది, డిరైలర్ కొండ సైకిల్‌ది. రెండింటి మీదా పది అని ఉంది. పదికి పది సరిపోయిందని మురిసిపోయి నేనే బిగించేశాను. మా కింది కాలనీలో తొక్కితే కరకరమంది. కొత్తకోడలు కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను. నాన్న వరండాలోంచి చూసి, "ఏటే ఆ సౌండు?" అంటే కొత్త సామాను అలాగే ఉంటుందని దబాయించాను. ఆయన తన పానాల కట్ట తెచ్చి నా జేబులో పడేశాడు.

పందెం రోజు ఘాట్ మొదలవగానే తెలిసొచ్చింది. ఒక్కో నొక్కుకి ఆ లీవరు లాగే తీగ ఈ డిరైలర్‌కి చాలదు. నొక్కితే చైన్ రెండు చక్రాల మధ్య వేలాడుతూ ఎటూ తేల్చుకోదు. లీవరు చివరిదాకా వచ్చేసింది, కొండెక్కడానికి కావాల్సిన పెద్ద చక్రాలు మూడూ అలా పైనే మిగిలిపోయాయి. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నేను ఏకంగా కొండకే మందేశాను.

పక్కనుంచి మా మేనబావ కిశోర్ కొత్త సైకిల్ మీద దాటిపోతూ, "ఏమే, నీ సైకిల్ జంతికలు నములుతోందా?" అన్నాడు.

ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. వెనక జీపు చప్పుడు దగ్గరికొస్తోంది. రెండో మలుపులో ఆగి, నాన్న పానాతో తీగ బోల్టు వదులుచేసి, ఎడంచేత్తో డిరైలర్‌ని అన్నిటికన్నా పెద్ద చక్రం కిందికి తోసి, తీగని పళ్ళతో కరిచిపట్టి, కుడిచేత్తో బోల్టు బిగించేశాను. పది గేర్ల సైకిల్ ఒక్క గేరుదైంది. లీవరు వైపు మళ్ళీ చూస్తే ఒట్టు.

ఇక కాళ్ళు మిక్సీలా తిరుగుతున్నాయి, సైకిల్ మాత్రం పెళ్ళినడక నడుస్తోంది. కానీ ఆగలేదు. నాలుగో మలుపు దగ్గర్నుంచి కుర్రాళ్ళు ఒక్కొక్కరే కనిపించారు. కింద చదునులో ఉన్న బలమంతా ఊడ్చేసుకుని, సైకిళ్ళు దిగి, ఎర్రదుమ్ములో రొప్పుతూ తోస్తున్నారు. ఆఖరి మలుపులో, నిండిపోయి పైకి పోతున్న జీపు నన్ను దాటింది. వెనక సీట్లో కిశోర్ బావ, ఒళ్ళో కొత్త సైకిల్ ముందుచక్రం. నేను చెయ్యూపాను. ఆయన అడవిని చూశాడు.

పద్నాలుగు మందిలో పైకి చేరింది ఆరుగురు. నేను ఐదోదాన్ని. సెక్రటరీ గారు నా మసినోటిని చూసి నవ్వాపుకుని, పక్కనున్న గుమాస్తాతో, "వచ్చే ఏడు ఆడపిల్లల పందెం రాసుకోవయ్యా," అన్నాడు. అక్కడే కూలబడి ఏడ్చేశాను. అంత సంతోషం మళ్ళీ నా పెళ్ళిలో కూడా పడలేదు.

మాటంటే మాటే. మరుసటేడు నోటీసు అంటించారు. ఆ సాయంత్రమే నలుగురు ఆడపిల్లలు సైకిళ్ళతో మా క్వార్టర్ ముందు నిలబడ్డారు. నన్ను పొగడడానికొచ్చారనుకుని జడ సర్దుకుని మరీ బయటికొచ్చాను. వాళ్ళలో పెద్దది వినయంగా అంది:

"అక్కా, నీది పాడుచేసుకున్నట్టే మావీ కాస్త పాడుచేసి పెట్టవా?"

కనుక పాఠకమహాశయులారా, ఇనుపకొండ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నా సైకిల్‌కి ఇంకోదాని సామాను తగిలించను. పిల్లలు బతిమాలితే వాళ్ళ సైకిళ్ళ సంగతి మాత్రం నన్నడక్కండి.