‘పైవేవీ కావు’ అని టిక్కు పెట్టిన దగ్గు

సహోదరీ సహోదరులారా, ముందే చెప్పేస్తున్నాను, నా సాక్ష్యంలో మెరుపు లేదు, ఆకాశం నుంచి స్వరం లేదు, ఉన్నదల్లా తెమడ. అది కూడా సర్కారు దవాఖానలో చిన్న డబ్బాలో పట్టి ఇచ్చిన తెమడ. వినడానికి ఇబ్బందిగా ఉంటే క్షమించండి, దేవుడు నన్ను అక్కడే పట్టుకున్నాడు.

గ్రూప్స్ పరీక్షలకు చదవడానికి నల్గొండ వైపు పల్లె నుంచి హైదరాబాదుకు వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో మహేశ్ అనే మా ఊరి తమ్ముడితో ఒకే గదిలో ఉంటున్నాను. మంచానికీ మంచానికీ మధ్య జానెడు సందు, ఒకరు తుమ్మితే ఇంకొకరి పుస్తకంలో పేజీ తిరుగుతుంది. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి పోయి కుర్చీ మీద రుమాలు వేసి చోటు పట్టడం మా మొదటి పని. రుమాలు తీస్తే కుర్చీ పోతుంది, కుర్చీ పోతే ఉద్యోగం పోయినట్టే అని మా నమ్మకం. అప్పట్లో నాకున్న గట్టి విశ్వాసం అదొక్కటే.

హాస్టల్లో నా పేరు సైన్స్ అన్న. టైఫాయిడ్‌కు బ్యాక్టీరియా, డెంగ్యూకు వైరస్, మలేరియాకు ప్రోటోజోవా, తామరకు శిలీంధ్రం అని నిద్రలేపి అడిగినా చెప్పేవాణ్ణి. క్షయను తెచ్చేది బ్యాక్టీరియా అనీ, రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలనీ మహేశ్ చేత బట్టీ పట్టించింది నేనే.

ఆ వానాకాలం నాకు దగ్గు పట్టుకుంది. నాలుగు వారాలైనా వదల్లేదు, సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది, బెల్టుకు మేకుతో కొత్త రంధ్రం పొడిచాను. పోటీ పరీక్షలకు చదివేవాడికి జబ్బు చేస్తే ఏం చేస్తాడో తెలుసా, ఎలిమినేషన్ చేస్తాడు. చలి, వణుకు లేవు కాబట్టి మలేరియా కాదు, ఒంటి మీద దద్దుర్లు లేవు కాబట్టి డెంగ్యూ కాదు, మిర్చి బజ్జీ అరుగుతోంది కాబట్టి టైఫాయిడ్ కాదు, క్షయ ముసలివాళ్ళకూ బీడీలు తాగేవాళ్ళకూ వచ్చేది కాబట్టి అదీ కాదు. మిగిలింది ‘పైవేవీ కావు’. దానికి టిక్కు పెట్టి, దగ్గు మందు తాగి, రుమాలు తీసుకుని లైబ్రరీకి పోయాను. ఆ వారమే మాక్ టెస్టులో క్షయ మీద ప్రశ్న వచ్చింది. దగ్గుతూనే సరైన జవాబు పెట్టాను.

లైబ్రరీలో నా చుట్టూ కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి. దేవుడు నాకు విశాల స్థలం ఇస్తున్నాడనుకున్నాను.

ఒక పొద్దున ఆ రుమాల్లోనే నెత్తురు పడింది. మహేశ్ చూశాడు.

“అన్నా, గదేంది రుమాలు మీద?”

“ఇంకు రా.”

“ఎర్ర ఇంకుతోని ఎన్నడు రాసినవే? రెండు వారాలు దాటితే పరీక్ష అని నువ్వే గద చెప్పింది?”

“దవాఖానకు పోతే కుర్చీ పోతది రా.”

“కుర్చీ యాడికి పోదు. కూసునేటోడే ఉండడు.”

ఆ మాటకూ నేను కదల్లేదు. కానీ మాట ముగించి వాడు దగ్గాడు. రెండుసార్లు. సహోదరులారా, నా నెత్తురు చూసి రాని భయం వాడి దగ్గు విని వచ్చింది.

ఆ మధ్యాహ్నం నారాయణగూడలో మన మందిరానికి వచ్చి, ఆదివారం భోజనానికి తప్ప ఎప్పుడూ వంచని మోకాళ్ళు వంచి ఇలా ప్రార్థించాను: “ప్రభువా, అన్నీ తెలిసినవాడిలా తిరిగాను. నాకేం వచ్చినా మోస్తాను. కాదు, అబద్ధం, మోయలేను, నన్నూ బాగుచెయ్యి. కానీ ముందు వాణ్ణి చూడు. వాళ్ళమ్మ నన్ను నమ్మి నా గదిలో ఉంచింది.” జవాబుగా ఫ్యాను కిర్రుమంది. వెనకే పాస్టరమ్మగారు నిలబడి ఉన్నారు.

“ప్రార్థన అయ్యిందా బిడ్డా? రేపు పొద్దుగాల దవాఖానల లైన్ల నేను నిలబడ్త, నువ్వు రా.”

“అమ్మా, విశ్వాసం ఉంటే చాలదా?”

“విశ్వాసం ఉన్నోనికి డబ్బాల ఉమ్మనీకి భయమేందిరా?”

ఉమ్మాను. క్షయే. మహేశ్‌కు ఎక్స్‌రే తీశారు, మిగతా పరీక్షలూ చేశారు. వాడికి ఏమీ లేదు, పాత పుస్తకాల దుమ్ముకు దగ్గాడట. నిజంగా ‘పైవేవీ కావు’ వాడిదే. ఆ మాట విన్నాక దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. జోకు తట్టలేదు.

ఆరు నెలల మందులు. మొదట్లో మాస్కు పెట్టుకుని, కిటికీ తెరిచి పడుకున్నాను. రెండో నెలకే ఒళ్ళు తేలికై, బాగైంది కదా అని మాత్రలు ఆపబోతే మహేశ్ నీళ్ళ గ్లాసుతో ఎదురు నిలబడ్డాడు: “మింగన్నా. సిలబస్ సగంల ఆపుతరా ఎవరన్న?” రోజూ అదే మాట, అదే గ్లాసు. దేవదూతలకు రెక్కలుంటాయంటారు. నా దగ్గరికి వచ్చినవాడికి చిరిగిన బనీను ఉంది. చివరి పరీక్షలో క్రిమి లేదన్నారు. నేను పాసైన పరీక్ష అదొక్కటే. గ్రూప్స్ సాక్ష్యం ఇంకా పెండింగులో ఉంది.

మీలో ఎవరైనా దగ్గును దాచుకుని కూర్చుంటే, దయచేసి ప్రభువును నమ్మండి. ఆయన చేయి మందిరంలోనూ ఉంది, దవాఖాన లైనులోనూ ఉంది. పాస్టరమ్మగారు ఇక్కడే వెనక వరుసలో ఉన్నారు, మీతోనూ వస్తారు.

నేను కొత్త రుమాలు కొన్నాను. నిన్న లైబ్రరీలో ఎవరో కుర్రాడు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. దేవునికే మహిమ.